పేస్‌మేకర్ ఉన్నవారికి రేడియేషన్: మొదటి సిట్టింగ్‌కు ముందే చూసుకోవలసినవి

మన ఊళ్లలో రేడియేషన్‌ని ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఆ మాట వినగానే పేస్‌మేకర్ ఉన్న మనిషికీ, ఇంట్లోవాళ్లకీ టెన్షన్ మొదలవుతుంది. అక్కడ ఒంట్లోకి కరెంటు రాదు, బాగా శక్తి ఉన్న ఎక్స్‌రే కిరణాలు వస్తాయి. ఈ భయంతో క్యాన్సర్ వైద్యం మానుకోకండి. కానీ గుండెకు ఈ మిషన్ పెట్టారన్న సంగతి, కిరణాలు ఎక్కడ ఇవ్వాలో లెక్క వేయడానికి తీసే ప్లానింగ్ సీటీ స్కాన్‌కి ముందే క్యాన్సర్ డాక్టరుకు చెప్పండి. పేస్‌మేకర్ పెట్టినప్పుడు ఇచ్చిన కార్డు వెంట తీసుకెళ్లండి. అది పోయి ఉంటే డిశ్చార్జ్ కాగితాల్లో కంపెనీ, మోడల్ వివరాలు దొరుకుతాయి.

తర్వాత గుండె డాక్టరు దగ్గర మిషన్ చెక్ చేయించాలి. అప్పుడు అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న: ‘నా గుండె పూర్తిగా దీని మీదే నడుస్తోందా?’ అవునంటే రేడియేషన్ జరిగేటప్పుడు మరింత కనిపెట్టి ఉండాలి.

మిషన్ మామూలుగా కాలర్ ఎముక కింద, ఎక్కువమందికి ఎడమవైపు ఉంటుంది. కాబట్టి ఎడమ రొమ్ము, ఊపిరితిత్తి క్యాన్సర్లలో లెక్క జాగ్రత్తగా వేయాలి. కిరణం నేరుగా దాని మీద పడకూడదు. దానికి చేరే మొత్తం డోసు 2 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత) దాటకుండా చూడటం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ‘నాది గర్భాశయ క్యాన్సర్, గుండెకి దూరమే కదా’ అని ధీమాగా ఉండటానికీ లేదు. కిరణాల శక్తిని ఎంవీల్లో (మెగావోల్టుల్లో) చెబుతారు. 10 ఎంవీ దాటిన కిరణాలతో న్యూట్రాన్లు అనే సూక్ష్మ కణాలు పుడతాయి. అవి దూరం నుంచే మిషన్‌లోని చిప్‌ని తికమకపెట్టి, సెట్టింగులు మార్చేయగలవు. అందుకే వీలైనంతవరకూ 6 ఎంవీ వంటి తక్కువ శక్తి వాడతారు. మీ ప్లాన్‌లో ఎంత పెట్టారో మొహమాటపడకుండా అడగండి.

ఐసీడీ (గుండె ప్రమాదకరంగా దడదడలాడితే షాక్ ఇచ్చి సరిచేసే మిషన్) ఉన్నవారి విషయంలో నాకు ఎక్కువ ఆందోళన. కిరణాల అలజడిని అది గుండె దడగా పొరబడి షాక్ కొట్టకుండా, సిట్టింగ్ జరిగినంతసేపూ ఆ పనిని ఆపుతారు. కొన్నిచోట్ల దాని మీద అయస్కాంతం పెడతారు, కొన్నిచోట్ల మిషన్ సెట్టింగులు మార్చే ప్రోగ్రామర్ అనే పరికరం‌తో ఆపుతారు. ప్రోగ్రామర్‌తో ఆపితే, తిరిగి ఆన్ చేసేదాకా అది మిమ్మల్ని కాపాడదు. అందుకని గది బయటికి వచ్చాక ‘ఐసీడీ ఆన్ చేశారా అమ్మా?’ అని ఏరోజుకారోజు అడిగి, అవునన్నాకే ఇంటికి బయలుదేరండి. వెంట వచ్చినవాళ్లకీ ఈ ప్రశ్న నేర్పించండి. పేషెంటు నీరసంలో మరిచిపోవచ్చు.

సిట్టింగ్‌లో కళ్లు తిరిగినా, దడ వచ్చినా వెంటనే చెయ్యెత్తండి. లోపలి కెమెరాలో టెక్నీషియన్ చూస్తూనే ఉంటారు. ఇంటి దగ్గర స్పృహ తప్పినా, షాక్ కొట్టినా తర్వాతి సిట్టింగ్ దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. చివరి సిట్టింగ్ అయ్యాక మిషన్‌ని మరోసారి చెక్ చేయించి, ఆ రిపోర్టు కార్డుతో పాటు దాచండి.