తలుపు వంకర పోయిందా? ముందు కర్రలో తడి సంగతి చూడండి

వానాకాలంలో బిగుసుకుంటుంది, ఎండల్లో మామూలే

కర్ర గాలిలో తేమ పీల్చి ఉబ్బింది, అంతే. జూలైలో కంగారుపడి చిత్రిక పట్టించకండి. నేను పట్టించాను. ఏప్రిల్ వచ్చేసరికి ఆ సందులోంచి బల్లి దూరేది. ముసురు తగ్గి తలుపు ఆరాక విప్పి, అడుగు అంచు, పై అంచు చూడండి. ముందూ వెనకా పాలిష్ మెరుస్తున్నా, కంటికి కనపడవని ఆ అంచుల్ని చాలామంది వదిలేస్తారు. తేమ అక్కణ్నుంచే ఎక్కుతుంది. వాటికీ పాలిష్ రెండు పూతలు వేయండి. మరుసటి వానలకీ పట్టేస్తే అప్పుడు అర నూలు, అంటే అంగుళంలో పదహారో వంతు, తీయించండి.

తలుపు పైన ఆనుతోంది, కింద ఆనట్లేదు

దర్వాజా మూల నుంచి మూలకి రెండు దారాలు లాగి కట్టండి. మధ్యలో అవి ఒకదాన్నొకటి తాకకపోతే దర్వాజా మెలి తిరిగినట్టే. కారణం పచ్చి కర్ర. గుమ్మం ఎత్తే ముహూర్తం పెట్టుకున్నాక కలప డిపోకి పరిగెడతాం, నిన్న కోసిన కర్ర దొరుకుతుంది. అందులో తడి సుమారు 30 శాతానికి దిగేదాకా కర్ర పెద్దగా కదలదు. అక్కణ్నుంచి కుంచించుకోవడం మొదలవుతుంది. అదీ సమానంగా కాదు. మాను అడ్డకోతలో కనిపించే వలయాల వెంట తగ్గేది, మధ్య నుంచి బెరడు వైపు తగ్గేదానికి దాదాపు రెట్టింపు. పొడవులో దాదాపు ఏమీ తగ్గదు. అందుకే పలక దోనెలా వంగుతుంది, నార మెలికగా ఉన్న కర్ర మెలి తిరుగుతుంది.

గోడలో బిగించేసిన దర్వాజాని తిప్పి సరిచేయలేం. ఒక వేసవి పోనిచ్చి, కర్ర పూర్తిగా ఆరాక ఒక బందును కాస్త ముందుకో వెనక్కో జరిపించండి. చిన్న తేడా అయితే సర్దుకుంటుంది. పెద్దదైతే మార్చడమే.

కొనేటప్పుడు

తడి 10 నుంచి 14 శాతం ఉంటే మంచిది. ముళ్ల మీటరును (రెండు ముళ్లు గుచ్చి తడి శాతం చూసే పరికరం) కర్ర చివర గుచ్చితే మోసపోతారు, చివర్లు ముందే ఆరిపోతాయి. మధ్యలో గుచ్చండి. మీటరు లేకపోతే అదే లాట్‌లోని చిన్న ముక్కను వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగితే ఆ ముక్క ఆరినట్టు. మందపాటి కర్రకి ఇంకా చాలా టైం పడుతుంది.

పునాది తవ్వేనాడే కర్ర తెచ్చి, చివర్లకు పెయింట్ పూసి, నీడలో పేర్చండి. వరుసల మధ్య ఒకే మందం బద్దలు, అవీ ఒకదాని మీదొకటి నిట్టనిలువుగా ఉండాలి.