ఆస్ట్రేలియా కోర్టులో తెలుగు ఇంటర్‌ప్రెటర్: కడప వైపు నుంచి వచ్చినవాళ్లకు

కారు యాక్సిడెంటో, అద్దె గొడవో, ఏదో ఒకటి వచ్చి కోర్టు నోటీసు చేతికందితే మనవాళ్లకు మొదట తట్టేది ఒకటే: "మా రూమ్మేట్ సీసీఎల్ పాసయ్యాడు, నా మాట వాడే ఇంగ్లీషులో చెప్తాడులే." ఆ పని చేయొద్దు.

సీసీఎల్ అంటే పీఆర్‌కు, అదే ఇక్కడే స్థిరపడే వీసాకు, 5 పాయింట్లు తెచ్చే భాషా పరీక్ష. రెండు సంభాషణలు, ఒక్కోదాంట్లో 45కి కనీసం 29, మొత్తం 90కి 63 వస్తే పాస్. పెట్టేది ఇంటర్‌ప్రెటర్లకు సర్టిఫికెట్లిచ్చే నాటీ సంస్థే కాబట్టి, ఇది పాసైతే కోర్టులో చెప్పొచ్చని చాలామంది పొరబడతారు. కోర్టు పనికి నాటీ ఇచ్చే సర్టిఫికెట్లు వేరు: మొదట ప్రొవిజనల్, ఆపైన సర్టిఫైడ్ ఇంటర్‌ప్రెటర్, ఇంకా పైన లీగల్ స్పెషలిస్ట్. మూడేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి. కోర్టు ఇంటర్‌ప్రెటర్ల గురించి 2017లో వచ్చి 2022లో సవరించిన జాతీయ ప్రమాణాలు కూడా దొరికినవాళ్లలో పై అర్హత ఉన్నవాళ్లనే పిలవమని కోర్టులకు సూచిస్తాయి.

నోటీసు రాగానే కోర్టుకు ఫోన్ చేసి ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి. ఇంగ్లీషులో అడగడానికి టెన్షన్ అయితే ప్రభుత్వ ఫోన్ ఇంటర్‌ప్రెటర్ సేవ (టిస్) 131 450కి చేయండి, రాత్రీ పగలూ పలుకుతారు. "ఇండియన్" అనకండి, హిందీ మనిషిని పెట్టినా పెడతారు, "తెలుగు" అనండి. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు మీకు ఏది సులువో అదే అడగండి. ఖర్చెవరిదో కేసును బట్టి మారుతుంది, అదీ అప్పుడే కనుక్కోండి.

కడప కోర్టులో సాక్షి తెలుగులో చెబుతుంటే జడ్జిగారే ఇంగ్లీషులో రాయించడం చూసి ఉంటారు. ఇక్కడ మధ్యలో ఒక మనిషి ఉంటాడు, ప్రమాణం చేసి మరీ కూర్చుంటాడు. మీరు "నేను చూడలేదు" అంటే ఆయనా ఇంగ్లీషులో "నేను చూడలేదు" అనే అంటాడు. మీ తరఫు మనిషి కాదు. తెలుగు మొహం కనపడిందని "ఏం చెప్పమంటావన్నా?" అన్నారనుకోండి, అది కూడా మెజిస్ట్రేట్‌కు ఇంగ్లీషులో వినపడుతుంది! ప్రశ్న వింటూ మనం అలవాటుగా "ఆఁ... ఆఁ" అంటుంటాం కదా, అది ఒప్పుకున్నట్టు రికార్డుకెక్కే ప్రమాదం ఉంది. తల ఊపడం కూడా అంతే. ప్రశ్న మొత్తం విని, అవునో కాదో నోటితో చెప్పండి.

ఇంటర్‌ప్రెటర్ మీ బంధువో, ఊరివాడో అయితే మొదట్లోనే చెప్పేయండి. మీ యాస ఆయనకు, ఆయన తెలుగు మీకు అర్థం కాకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తి మెజిస్ట్రేట్‌కే చెప్పండి. తీర్పు వచ్చాక చెబితే వినేవాళ్లు తక్కువ.