జకార్తా వానాకాలానికి ముందు కొన్ని జాగ్రత్తలు, ముఖ్యంగా మాటల విషయంలో

జకార్తాలో వానలు నవంబరులో మొదలై మార్చి దాకా పడతాయి. అసలు దంచుడు జనవరి, ఫిబ్రవరి నెలల్లో. సరిగ్గా ఆ నెలల్లోనే ప్రాజెక్టు పని మీద దిగే తెలుగువాళ్లు ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న, “అన్నా, గొడుగు తెచ్చుకోమంటావా?” అని. గొడుగు బరువు దండగ. పైనుంచి పడే వానకు తడుస్తాం, తుడుచుకుంటాం, అంతే. జాగ్రత్తలన్నీ కింది నుంచి వచ్చేదానికే.

ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటూ నేను గమనించిందేమిటంటే, ఈ ఊళ్లో నీళ్లకంటే ముందు మాటలొస్తాయి. టీవీలో, కాలనీ వాట్సాప్ గ్రూపులో, మసీదు మైకులో. ఆ మాట పట్టుకున్నవాడు రాత్రికి రాత్రే కారు తీసుకెళ్లి మెరక మీద పెట్టి వచ్చి పడుకుంటాడు. పట్టుకోనివాడు తెల్లారి లేచి తన కారు ఎవరింటి గేటుకు ఆనుకుని ఉందో వెతుక్కుంటాడు.

మనవాళ్లకు ఇందులో ఒక అదనపు ప్రమాదం ఉంది. ఇండొనేసియా భాషలో చాలా మాటలు తెలిసినట్టే ఉంటాయి. ‘సువామి’ అంటే మొగుడు, ‘ఇస్త్రి’ అంటే పెళ్లాం. ‘బహాయా’ అంటే ప్రమాదం, అది మన భయమే. ‘జాగా-జాగా’ అంటే ఎందుకైనా మంచిదని చేసే పని, మన జాగ్రత్తకు చుట్టం. ఇక ‘బెంచానా’ అంటే విపత్తు, దాని మూలం సంస్కృతంలోని వంచన. వచ్చిన కొత్తలో నిఘంటువు సాయంతో బోర్డులు చదువుతూ, విపత్తు నిర్వహణ సంస్థ పేరును ‘జాతీయ వంచన నివారణ సంస్థ’ అని చదువుకున్నాను. ఇలాంటిది మన దగ్గర ఒక్కటి ఉన్నా ఎంత బాగుండేదో అని ఆ పూటంతా కుళ్లుకున్నాను.

సరే, మొదటి మాట ‘గెనాంగాన్’. అంటే నిలిచిన నీళ్లు. వరదను ‘బంజిర్’ అంటారు. సామాన్యుడి నోట బంజిర్ అనే వస్తుంది. అదే నీళ్లు అధికారి నోటికొచ్చేసరికి గెనాంగాన్ అవుతాయి. ఫలానా రోడ్డు మీద గెనాంగాన్ ఉంది అని వార్తల్లో వింటే, ఓహో, నాలుగు చోట్ల గుంటలు నిండాయి కాబోలు అనుకోకండి. ఎంత లోతో తర్వాతి వాక్యంలో చెబుతారు, అక్కడిదాకా ఆగి వినండి. ఆ లోతుకు కొలమానం పెద్దవాళ్ల ఒళ్లు: పెద్దవాళ్ల మోకాలి దాకా, పెద్దవాళ్ల నడుం దాకా. ఏ పెద్దాయన మోకాలో చెప్పరు. నడుం దాకా వచ్చినా అది గెనాంగానేనా అని మా డ్రైవరును అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి, “మనిషి ఇంకా కనబడుతున్నాడు కదా, పాక్” అన్నాడు. పాక్ అంటే అయ్యగారు.

రెండోది ‘బంజిర్ కిరిమాన్’, అంటే పంపించిన వరద. పార్సిల్ అనుకోండి. జకార్తాలో చుక్క వాన లేకపోయినా దక్షిణాన బోగోర్ కొండల్లో కుండపోత పడితే ఆ నీళ్లు చిలివుంగ్ నది పట్టుకుని మన గుమ్మం దాకా డెలివరీ అవుతాయి. బోగోర్‌కు ‘వానల నగరం’ అని బిరుదు. ఈ మాటలో ఉన్న సుఖమేమిటంటే, వరద ఎప్పుడూ పక్క ఊరిదే, మన ఊరిది కాదు. జకార్తా గుండా 13 నదులు పోతాయి కాబట్టి పంపించేవాళ్లకు కొదవ లేదు. నీళ్ల లెక్కకు వెళ్తే, బోగోర్‌లో కటులాంపా అనే డచ్చి కాలపు ఆనకట్ట ఉంది. అక్కడి మట్టం చూస్తే మనకు దాదాపు 9 గంటల ముందే కబురు తెలిసినట్టు. అంత సమయంలో బీరువాలో కింది అర పైకెక్కించవచ్చు, ఫ్రిజ్‌ను బల్లల మీదికి ఎత్తవచ్చు, తాపీగా కాఫీ కూడా తాగవచ్చు. ఏ విమానమూ ఇంత కచ్చితంగా రాదు.

ఇక్కడే తెలుగువాడు బోర్లా పడేది. మనం భద్రాచలం లెక్కలో పెరిగినవాళ్లం. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అంకె పెరిగితే గుండె దడ పెరుగుతుంది. ఇక్కడ తలకిందులు. ‘సియాగా 4’ అంటే మామూలు. సియాగా 3 అంటే కాస్త చూసుకోండి. సియాగా 1 అంటే, మంచం మీద ఉన్నదేదో తీసుకుని బయల్దేరండి. కటులాంపాలో 80 సెంటీమీటర్లు దాటితే 3, 150 దాటితే 2, 200 దాటితే 1. నా మొదటి జనవరిలో గ్రూపులో “కటులాంపా సియాగా 1” అని మెసేజ్ వస్తే, హమ్మయ్య, ఇంకా ఒకటో నంబరే కదా, మూడు వచ్చాక చూద్దాంలే అని దుప్పటి ముసుగేశాను. ఎంసెట్ నుంచి ఇప్పటిదాకా ఒకటో నంబరు చూసి నేను మోసపోయింది అదొక్కసారే.

అప్పుడు నేనున్న ఇంటి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అద్దెకు ఇల్లు చూసేవాళ్లకు ఇది అసలు జాగ్రత్త. దక్షిణ జకార్తాలో కెమాంగ్ అని విదేశీయులు ఎక్కువగా ఉండే పేట ఉంది. కాఫీ హోటళ్లు, చెట్లు, చూడ ముచ్చటగా ఉంటుంది. పక్కనే క్రుకుత్ అనే చిన్న నది, అది మాత్రం ఫొటోల్లో ఉండదు. నాకు ఇల్లు చూపించిన బ్రోకరు ప్రకటనలో పెద్ద అక్షరాలతో ‘బెబాస్ బంజిర్’ అని ఉంది, వరద రాని ఇల్లు అని. హైదరాబాదులో ‘వాస్తు ఫుల్’ అన్నట్టు ఇక్కడ అదొక అలవాటు మాట. నేను నమ్మాను. ఇక్కడ ఇళ్లకు చాలాచోట్ల ఏడాది అద్దె ఒకేసారి ముందే కట్టాలి. కట్టాను. ఆగస్టులో, ఎర్రటి ఎండలో.

ఇల్లు చూడడానికి వెళ్తే గదులు తర్వాత చూడండి, ముందు గోడలు చూడండి. ఒకే ఎత్తులో, గది గదికీ ఒకే గీత ఉందంటే అది డిజైను కాదు. కొత్త రంగు నడుం దాకా మాత్రమే వేసి ఉంటే ఇంకా అనుమానించండి. కరెంటు ప్లగ్గులు భుజం ఎత్తులో ఎందుకున్నాయని నేను అడిగితే, పెద్దవాళ్లు వంగక్కర్లేకుండా అన్నాడు బ్రోకరు. ఎంత మర్యాదస్తులో అనుకున్నాను. గుమ్మం ముందు మోకాలెత్తు గట్టు ఎందుకని అడగలేదు, పాములు రాకుండా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఈ రెండు ప్రశ్నలూ బ్రోకరును కాదు, వీధి చివర బండి మీద కూరగాయలమ్మే ఆయన్ని అడగాలి. ఆయన నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో తన బండి చక్రం మీద వేలు పెట్టి చూపిస్తాడు. నాకూ చూపించాడు, ఫిబ్రవరిలో.

మీ వల్ల అయితే జనవరిలో ఒక సాయంత్రం, వాన వెలిశాక, ఇల్లు చూడండి. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు గానీ, జకార్తాలో వాన రాకడ అందరికీ తెలుసు. మధ్యాహ్నం దాటాక, ఆఫీసు వదలడానికి అరగంట ముందు.

రోడ్డు మీద జాగ్రత్తలు తక్కువే. మీకు నీటి లోతు తెలియకపోతే కారు దింపకండి. ఇంజన్లోకి నీళ్లు పోయిందంటే మామూలు కాంప్రెహెన్సివ్ ఇన్సూరెన్సు వాడు నవ్వి పంపేస్తాడు, వరదకు విడిగా అదనపు కవరు తీసుకోవాలి. అది ఉందో లేదో ఈ వారమే పాలసీ తీసి చూడండి. మోటారు సైకిళ్లవాళ్లు వాన మొదలవగానే ఫ్లైఓవరు కింద గుంపుగా ఆగిపోతారు, మూడు లైన్ల రోడ్డు ఒక లైను అవుతుంది, హారన్ కొట్టి లాభం లేదు. నీళ్లు నిలిచిన చోట తోపుడు బండ్లవాళ్లు వచ్చి మోటారు సైకిలునూ, దాని యజమానినీ ఎక్కించి అవతలికి దాటిస్తారు. బేరం నీళ్లలోకి దిగకముందే ఆడండి, మధ్యలో ఆడితే ధర పెరుగుతుంది. గొడుగు అద్దెకిచ్చే కుర్రాళ్లుంటారు, ‘ఓజెక్ పాయుంగ్’ అంటారు. గొడుగు మీకిచ్చి, వాడు తడుస్తూ మీ పక్కనే పరిగెత్తుతాడు. దాని కింద నడుస్తున్నప్పుడు మనసుకు కొంచెం ఇబ్బందిగా ఉండాలి, ఉండకపోతే మీరు ఇక్కడికొచ్చి చాలా కాలమైందన్నమాట.

వెటకారం పనికిరాని చోటు ఒకటుంది. 2019 డిసెంబరు 31 సాయంత్రం మొదలైన వాన తెల్లారేదాకా ఆగలేదు. హలీం విమానాశ్రయం దగ్గర ఒక్క రోజులో 377 మిల్లీమీటర్లు పడింది. జకార్తా, చుట్టుపక్కల ఊళ్లలో 60 మందికి పైగా పోయారు, కొందరు కరెంటు షాకుతో. అందుకని నీళ్లు గడప దాటకముందే మెయిన్ స్విచ్చి ఆపండి. కరెంటు సంస్థ కూడా వరద వీధులకు సరఫరా ఆపేస్తుంది, అది మీ మీద కక్షతో కాదు. పాస్‌పోర్టు, రెసిడెన్సీ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు జిప్ కవర్లో వేసి, ఆ కవరు ఇంట్లో అందరికంటే ఎత్తులో ఉంచండి. జకార్తాలో అత్యవసర నంబరు 112. ఇంట్లోకి పాము వచ్చినా, ఉడుము వచ్చినా ఫైర్ సర్వీసువాళ్లు వస్తారు. వేలికి ఇరుక్కున్న ఉంగరం కోయడానికి కూడా వస్తారు. ఈ ప్రభుత్వంలో నేను వంక పెట్టలేని శాఖ అదొక్కటే.

నీళ్లు తీశాక జ్వరాలు మొదలవుతాయి. ఇక్కడి జ్వరాలన్నింటికీ మొదట పెట్టే పేరు ‘మాసుక్ ఆంగిన్’, గాలి దూరిందని. మన ఊళ్లో గాలి సోకితే తాయెత్తు కట్టిస్తారు, ఇక్కడ నాణెంతో వీపు మీద ఎర్రగా చారలు తేలేదాకా గీకుతారు. కెరోకన్ అంటారు. నేనూ గీకించుకున్నాను. హాయిగానే ఉంటుంది, ఆఫీసులో చొక్కా మార్చుకోకుండా చూసుకోవాలంతే. అయితే వరద నీళ్లలో నడిచాక వారం, రెండు వారాల్లో జ్వరం, పిక్కల్లో నొప్పులు వస్తే గాలి మీద తోయకండి. ఎలుక మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, నీళ్లలో నడిచిన సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి. కాలికి పుండుంటే బూట్లు లేకుండా దిగొద్దు. డెంగీ కూడా ఈ నెలల్లోనే. రక్తపరీక్ష అయ్యేదాకా పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు మింగొద్దు.

వాన ఆపడం సంగతి. పెళ్లో, గృహప్రవేశమో పెట్టుకుంటే ‘పావాంగ్ హుజన్’ను పిలవమని పక్కింటివాళ్లు సలహా ఇస్తారు. వానను పక్కకు తోసే మంత్రగాడన్నమాట. నవ్వకండి, 2022లో లొంబోక్ దీవిలో మోటో జీపీ పందేనికి వాన అడ్డొస్తే ట్రాకు మీదికే ఒక మంత్రగత్తె వచ్చింది, ప్రపంచమంతా టీవీల్లో చూసింది. ఇంటి వైద్యం కూడా ఉంది: ఈనెల చీపురు తలకిందులుగా నిలబెట్టి కొసలకు మిరపకాయలు, ఉల్లిపాయలు గుచ్చడం. ప్రభుత్వం వాడేది శాస్త్రీయ పద్ధతి. విమానంలో ఉప్పు మోసుకెళ్లి మబ్బుల మీద చల్లుతారు, వాన ఊరి మీదికి రాకముందే సముద్రంలో పడిపోవాలని. ఉప్పు ప్రభుత్వానిది, మిరప, ఉల్లి ప్రజలవి. నాకైతే ఊరగాయ గుర్తొస్తుంది.

శాశ్వత పరిష్కారాలూ ఉన్నాయి. నదిని ‘నార్మలిసాసి’ చేయాలని ఒక గవర్నరు, ‘నాతురలిసాసి’ చేయాలని తర్వాతి గవర్నరు. కాంక్రీటు గట్లా, గడ్డి గట్లా అన్నది తగువు. నీళ్లకు రెండూ పైనుంచి పొర్లేవే. 2016లో రాష్ట్రపతి భవనం దగ్గర్లోని కాలువలు తవ్వితే లారీల కొద్దీ కేబుల్ తొడుగులు బయటపడ్డాయి, రాగి లాక్కుని తోలు వదిలేశారు. చివరికి 2019లో, రాజధానినే బోర్నియోకు మార్చేస్తామని ప్రకటించారు. వరద ఊరు వదలకపోతే రాజధానే ఊరు వదలాలి. రాజధాని మార్పు గురించి తెలుగువాళ్లకు నేను చెప్పేదేముంది.

ఇంట్లో సరుకుల విషయానికొస్తే, 19 లీటర్ల తాగునీటి డబ్బాలు రెండు ఎక్కువ పెట్టుకోండి. కరెంటు ప్రీపెయిడ్ మీటరైతే 20 అంకెల టోకెను ముందే కొట్టి ఉంచండి. యూనిట్లు అయిపోవస్తే మీటరు కీచుమంటుంది, రాత్రి రెండింటికి మొదలుపెడుతుంది, వీధిలో అందరికీ మీ ఆర్థిక పరిస్థితి తెలిసిపోతుంది. ఇండోమీ నూడుల్స్ ఎలాగూ కొంటారు.

ఆఖరి మాట ‘ఉంతుంగ్’. అదృష్టం అని. ఆ ఫిబ్రవరిలో నా సోఫా నడిగదిలో తేలుతుంటే మా డ్రైవరు వచ్చాడు. తన ఇల్లు చిలివుంగ్ పక్కనే, నడుం దాకా నీళ్లు. రాత్రంతా సామాను పైఅంతస్తుకు మోశాడట. టీవీ ఏమైందంటే, “పోయింది, పాక్. ఉంతుంగ్, పాతదే.” మోటారు సైకిలు? “మునిగింది. ఉంతుంగ్, వాయిదాలు ఇంకా బాకీ ఉన్నాయి, కంపెనీవాడు కూడా బాధపడతాడు.” నేను నా సోఫా గురించి చెప్పబోయి మానేశాను. ఆయన దాన్ని ఒక కాలితో తోసి చూసి, “తేలుతోంది కదా, మంచి చెక్కే,” అన్నాడు.

నీళ్లు తీసిన మరుసటి ఆదివారం కాలనీ పెద్ద, ‘పాక్ ఎర్తే’, గ్రూపులో మెసేజ్ పెడతాడు: ఉదయం ఏడింటికి ‘కెర్జా బక్తి’. కార్యం, భక్తి, రెండూ మన మాటలే కాబట్టి భజన అనుకుని నేను ఉతికిన లాల్చీ వేసుకుని వెళ్లాను. చేతికి పార ఇచ్చి కాలువలోకి దింపారు. మీరు పాత లుంగీలో వెళ్లండి. రాలేనివాళ్లు పారకు బదులు అందరికీ సరిపడా అరటికాయ బజ్జీలు పంపాలి, వేడిగా, ఎనిమిదింటిలోపు.