ఒకే ఇంట్లో మగకుక్క, ఎదకొచ్చిన ఆడకుక్క

చిత్తకార్తె అంటే మా గోదావరి వైపు నవ్వుతారు. అక్టోబరులో ఆ 13, 14 రోజులూ వీధికుక్కలు గుంపులు కట్టి తిరుగుతుంటాయి కాబట్టి, ఊరికే తిరిగే కుర్రాళ్లని తిట్టడానికీ ఆ పేరే వాడతారు. ఇంట్లో పెంచుకునే కుక్కకి మాత్రం కార్తెలు పట్టవు. మా ఆడకుక్క మల్లికి చిత్తకార్తె, అంటే ఎద, మాఘమాసంలో వచ్చింది. అప్పటికి నా మిషను పక్కన పెళ్లిళ్ల జాకెట్లు 40 దాకా ఉన్నాయి.

నేను రాజమండ్రిలో ఇంట్లోనే బట్టలు కుడతాను. మల్లి నాటు కుక్క, 14 కిలోలు, ఇసక కుప్ప మీద దొరికింది. గోపీ లాబ్రడార్ మగవాడు, 32 కిలోలు. రెంటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదేం అని అడుగుతారు. మల్లికి టిక్ ఫీవర్, అదే పిడుదుల వల్ల వచ్చే జ్వరం, వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి, కోలుకున్నాక చూద్దామన్నారు డాక్టరు గారు. గోపీ సంగతి వేరు. వాడికి చేయిద్దామంటే మా ఆయన మొహం, తనకే కత్తెర పెట్టినట్టు అయిపోతుంది.

మొదటిసారి మేం ఓడిపోయాం. అది చెప్పకుండా మిగతావి చెప్పడం బాగోదు. రక్తం కనపడ్డ రోజు నుంచీ మల్లిని వెనక వరండాలో పెట్టి, మధ్యలో కటకటాల గేటు వేశాం. 13వ రోజుకి ఎరుపు పోయి, బియ్యం కడిగిన నీళ్లలో చిటికెడు కుంకుమ కలిపితే వచ్చే రంగు మిగిలింది. హమ్మయ్య, అయిపోయిందనుకుని స్నానం చేయించి, గేటు గడియ సంగతి పట్టించుకోవడం మానేశాను. మర్నాడు పొద్దున్నే మా ఆయన పాల ప్యాకెట్టుకి వెళ్లొచ్చేలోగా రెండూ వీపులు చెరో వైపు పెట్టి అతుక్కుపోయి ఉన్నాయి. 62 రోజులకి ఏడు పిల్లలు. వాటికి ఇళ్లు చూసేసరికి నాలుగు నెలలు పట్టింది.

నాకు తెలియనిదల్లా ఒక్కటే: ఎరుపు తగ్గడమంటే ఎద అయిపోవడం కాదు, మగదాన్ని ఒప్పుకునే రోజులు మొదలవడం. మొదటి వారం పది రోజులు మానం వాచి రక్తం కారుతుంది. మగది దగ్గరికొస్తే ఆడది గుర్రుమని కరవబోతుంది. ఆ తర్వాత ఇంకో వారం పది రోజులు రంగు పలచబడి, వాపు మెత్తబడి, నడుం మీద చెయ్యి వేస్తే చాలు తోక పక్కకి తిప్పి నిలబడిపోతుంది. అండాలు విడుదలయ్యేది ఈ రోజుల్లోనే. అన్నీ ఇదే లెక్కలో ఉండవు. ఒకటి 5వ రోజుకే ఒప్పుకుంటుంది, ఇంకోటి 18వ రోజు దాకా ఒప్పుకోదు. పైగా మగదాని బీజం (వీర్యం) ఆడదాని కడుపులో వారం దాకా బతికి ఉండగలదు, అందుకే తొందరగా కలిశాయి కదా, ఫరవాలేదు అనుకోవడానికీ లేదు. నేను ఇప్పుడు పట్టే లెక్క, మొదటి చుక్క నుంచి పూర్తిగా నాలుగు వారాలు.

ఆ మొదటి చుక్క పట్టుకోవడమే కష్టం. నాటు కుక్కలు ఎప్పటికప్పుడు నాక్కుని శుభ్రం చేసుకుంటాయి. సాధారణంగా ఆరేడు నెలలకోసారి ఎద వస్తుంది కాబట్టి, అయిదో నెల దాటగానే రోజూ పొద్దున తెల్లటి దూది అద్ది చూస్తాను. గులాబీ రంగు కనపడితే పాల లెక్క రాసే క్యాలెండరు మీదే 1 అని వేస్తాను. మనకంటే ముందు గేటు బయట వీధికుక్కలకి తెలుస్తుంది, అదీ గుర్తే.

ఇక విడదీయడం. డాబా మీద ఒకే గది, నా మిషను అక్కడే. మల్లి ఆ నాలుగు వారాలూ నాతో పైన. గోపీ కింద. మధ్యలో ఎప్పుడూ రెండు తలుపులు వేసి ఉండాలి, ఒకటి సరిపోదు. ఒక తలుపు ఎవరో ఒకరు మర్చిపోతారు. చుట్టాలొస్తారు, గ్యాస్ అబ్బాయి వస్తాడు, పిల్లలు బంతికోసం పరిగెడతారు. మెట్ల కింద గేటుకి తాళం వేసి, చెవి నా పిన్నీసుకి తగిలించుకున్నాను. పై తలుపు తీసేముందు కిందికి కేకేసి “గోపీని కట్టేశారా?” అని అడుగుతాను. మా ఆయన “కట్టేశా” అని పైకి అనాలి. తల ఊపితే కుదరదు, నేను పైనుంచి తల చూడలేను కదా. కటకటాల గేటుంటే దానికి ప్లైవుడ్ కొట్టించండి. ఊచల సందులోంచే కలుస్తాయని డాక్టరు గారు చెప్పేదాకా నాకు తెలీదు. అన్నాచెల్లెళ్లు, తల్లీకొడుకులు, వాటికేం ఉండదు అని కొందరి ధీమా. కుక్కలకి ఆ వరసలు లేవు.

వీలైతే ఒకదాన్ని ఇల్లు దాటించడం ఉత్తమం, అదీ మగదాన్నే. ఎదలో ఉన్న ఆడదాన్ని తెలియని ఇంటికి పంపితే ఆ ఇంటి ప్రహరీ ఎంత ఎత్తో, ఆ వీధిలో ఎన్ని కుక్కలో మనకి తెలీదు. పోయినసారి గోపీని 7వ రోజు మా ఆడపడుచు గారింట్లో దింపి, 22వ రోజు తెచ్చుకున్నాం. తెచ్చాక కూడా వారం పాటు తలుపుల పద్ధతి తప్పలేదు.

పంపే చోటు లేకపోతే మగవాడి బాధ మనం పడాలి. రెండు రోజులు అన్నం ముట్టడు, చొంగ కారుస్తాడు, పళ్లు టకటకలాడిస్తాడు, రాత్రి రెండింటికి ఏడుపు అందుకుంటాడు. నీళ్లు తాగుతుంటే రెండు రోజుల పస్తుకి కంగారు పడక్కర్లేదు, అంతకు మించితే డాక్టరుకి చూపించాలి. కొట్టడం వల్ల ఏమీ తగ్గదు. పొద్దున్నే గోదావరి గట్టు మీద ముప్పావుగంట నడిపిస్తాం, గొలుసు వదలకుండా. మధ్యాహ్నం పెరుగన్నం స్టీలు గిన్నెలో గడ్డకట్టించి పెడితే అరగంట నాకుతూ కూర్చుంటాడు. రాత్రి మెట్లకి దూరంగా ఉన్న గదిలో ఫ్యానూ రేడియో పెట్టి పడుకోబెడతాం. ఇంట్లో రెండు మగవి ఉంటే వాటినీ విడదీయాలి, అన్నదమ్ములైనా పీకలు పట్టుకుంటాయి.

వాసన గురించి నానారకాలు చెబుతారు. పక్కింటి పిన్నిగారు తోకకి విక్స్ రాయమన్నారు. ఇంకొకరు కర్పూరం, మరొకరు నీలగిరి తైలం. ఏదీ పనిచెయ్యదు, పైగా నాక్కుంటే కర్పూరమూ నీలగిరీ కుక్కకి విషం. మల్లి పోసిన చోట వెంటనే సబ్బునీళ్లతో కడుగుతాను, దాని తుడుపు గుడ్డ కిందికి రానివ్వను. మర్చిపోయేది మన బట్టలే. మల్లి ఒళ్లో తల పెట్టుకుని పడుకున్న చీరతో నేను కిందికి దిగితే గోపీ కుచ్చిళ్లు వదల్లేదు. అప్పట్నుంచీ పైన ఒక నైటీ, కింద ఒక నైటీ.

డైపర్ నేనే కుడతాను, ఇది నా విద్య కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతా. పాత నూలు చీర నాలుగు మడతలు, పైన గుండ్రంగా నడుంపట్టీ, కాళ్ల దగ్గర వదులు ఎలాస్టిక్. తోక కన్నం ముందే పెద్దగా కత్తిరించకండి. రెండు వేళ్లు పట్టేంత కత్తిరించి, తొడిగి చూసి, అవసరమైతే పెంచండి. వెల్క్రో బొచ్చులో చిక్కుకుంటుంది కాబట్టి దాని కింద పట్టీ వెడల్పు ఎక్కువ ఉంచండి. మూడు నాలుగు గంటలకోసారి మార్చాలి, రాత్రి తీసేయాలి, లేకపోతే ఒరుసుకుపోయి మూత్రంలో మంట మొదలవుతుంది. డైపర్ నేలని కాపాడుతుంది, అంతే. మగది దాన్ని లాగి పక్కకి తోసేస్తుంది.

మల్లికి ఆ నాలుగు వారాలు వీధి లేదు. డాబా మీదే తిరగడం, అదీ గొలుసుతో, పిట్టగోడ ఎత్తు నమ్మకుండా. ఎద మీదున్న నాటు కుక్క దూకే దూరం చూస్తే మీరూ నమ్మరు. ఆసుపత్రికి వెళ్లాల్సొస్తే గేటు లోపలికే ఆటో రప్పించాను.

ఇన్ని చేసినా తప్పి అతుక్కుంటే లాగొద్దు, కొట్టొద్దు, బకెట్లతో నీళ్లు కొట్టొద్దు. రెంటికీ లోపల గాయాలవుతాయి. అయిదు నిమిషాల నుంచి ముప్పావుగంట దాకా అలాగే ఉండొచ్చు. ఒకదాన్ని ఒకటి ఈడ్చుకుపోకుండా చెరో మెడపట్టీ పట్టుకుని కూర్చోవడమే. తేదీ రాసుకుని రెండు మూడు రోజుల్లో డాక్టరుని కలవండి. మందుల షాపులో అడిగి ఇంజెక్షన్ వేయించొద్దు. పాతకాలం ఈస్ట్రోజన్ ఇంజెక్షన్లతో గర్భసంచిలో చీము పట్టవచ్చు, ఎముక మూలగ దెబ్బతినవచ్చు. కడుపు వచ్చిందో లేదో 28 రోజుల తర్వాత స్కానింగ్‌లో తెలుస్తుంది.

నాలుగు వారాలు గడిచాక కూడా రెండు నెలలు ఒక కన్నేసి ఉంచండి. మల్లి కడుపు లేకుండానే పాలు చేపి, నా దారపు ఉండలన్నీ మూలకి పోగేసి కాపలా కాసింది. అది దానంతట అదే రెండు మూడు వారాల్లో పోయింది. పాలు పిండకూడదు, పిండితే ఇంకా వస్తాయి. భయపడాల్సింది వేరే ఉంది: తిండి మానేసి, నీళ్లు అదేపనిగా తాగుతూ, వాంతులు, కింద చీము. కొన్నిసార్లు చీము బయటికి రాదు, పొట్ట మాత్రం ఉబ్బుతుంది. అది గర్భసంచి చీము కావచ్చు, తెల్లారేదాకా ఆగకూడదు.

ఎద రోజుల్లో రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి కాబట్టి, ఎద అయిపోయాక రెండు మూడు నెలలకి ఆపరేషన్ పెట్టుకుంటారు. మల్లి ప్లేట్‌లెట్లు ఇప్పుడు బాగున్నాయి, వచ్చే నెల తేదీ ఇచ్చారు. గోపీకి కూడా అదే రోజు చేయించేద్దామన్నాను. చేశాక కూడా మగదానిలో నెలా నెలన్నర దాకా బీజం మిగిలి ఉండొచ్చట, అది విని మా ఆయన కాస్త తేరుకుని, సరే చూద్దాంలే అన్నారు.