ఆడపిల్లలకి త్రీడీ రాదనేముందు మీ పరీక్షని పరీక్షించండి

వైజాగ్‌లో ఇంజినీరింగ్ డ్రాయింగ్ ట్యూషన్ చెప్పే మనవాళ్లలో చాలామంది నోట వినే మాటే ఇది: "ఆడపిల్లలకి త్రీడీ బొమ్మలు అంత తేలిగ్గా ఎక్కవండీ." నేనూ అన్నాను. ఇప్పుడైతే ముందు పేపరు సంగతి చూడమంటాను.

మొదట టైము. 1978లో వాండెన్‌బర్గ్, క్యూస్ అనే పరిశోధకులు తయారుచేసిన మెంటల్ రొటేషన్ టెస్టులో (బొమ్మని మనసులోనే తిప్పి చూసే పరీక్ష) క్యూబులు అతికించినట్టున్న బొమ్మ ఒకటి ఇచ్చి, పక్కనున్న నాలుగింటిలో అదే బొమ్మని తిప్పి గీసినవి రెండు పట్టుకోమంటారు. టైము బిగిస్తే అబ్బాయిలకీ అమ్మాయిలకీ మధ్య తేడా పెరుగుతుంది, వదిలేస్తే తగ్గుతుంది (పూర్తిగా పోదు, అదీ ఒప్పుకోవాలి). పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి 2011లో వోయర్ తేల్చిన విషయమిది. అందుకని క్లాసుని చీట్లు వేసి రెండు సగాలు చేసి, ఒక సగానికే టైము పెట్టండి. అదే పిల్లలకి రెండుసార్లు పెడితే రెండోసారి అలవాటు మీద ఎక్కువే వస్తాయి, లెక్క తప్పుతుంది.

అసలు కిటుకు మార్కుల్లో ఉంది. మామూలుగా రెండు జవాబులూ కరెక్టయితేనే మార్కు ఇస్తారు. ఒకమ్మాయి ఖాయంగా తెలిసిన ఒక్కదానికే టిక్ పెట్టి, రెండోది అనుమానమని వదిలేసిందనుకోండి, సున్నా. పక్కవాడు అంతే తెలిసి, మిగతా మూడింట్లో ఒకటి గుడ్డిగా కొట్టాడనుకోండి, మూడింట ఒక వంతు ఛాన్సు. ఇద్దరికీ తెలిసింది ఒక్కటే కదా! కాబట్టి అవే పేపర్లు ఒక్కో జవాబుకి ఒక మార్కు చొప్పున ఇంకోసారి దిద్దండి, ఖాళీలు ఎవరు ఎక్కువ వదిలారో విడిగా రాసుకోండి.

తర్వాత ప్రశ్న అడిగే తీరు. దిక్కులు ఊహించే పరీక్షలో మనిషి బొమ్మ పెట్టి, ఇది ఎదుటివాళ్ల వైపునుంచి చూసే పరీక్ష అని చెబితే అబ్బాయిలకీ అమ్మాయిలకీ మధ్య తేడా కనిపించలేదు, 2016లో తరంపి, హెగార్టీ వాళ్ల ప్రయోగంలో. మన దగ్గరైతే ఇలా అడగొచ్చు: "మీ స్నేహితురాలు కురుసుర సబ్‌మెరైన్ దగ్గర సముద్రం వైపు తిరిగి నిలబడింది, రుషికొండ ఆమెకి ఏ చేతివైపు?" ఎడమవైపు. మ్యాపు మీద బాణం గీసి ఇంకో గ్రూపుని అడిగి పోల్చండి.

ఇంకోటి, చేతుల జోలికి పోకండి. వేళ్లతో గాల్లో బొమ్మ తిప్పుకుంటున్న పిల్లని "చేతులు దించు" అని ఓసారి కసిరాను, ఆ తర్వాత ఆ పిల్ల పేజీ సగం ఖాళీగా ఇచ్చింది.