క్యూఓఎస్ ఆన్ చేశాకే ఐపీ ఫోన్లలో మాట తెగుతోందా?

సిస్కో క్యాటలిస్ట్ 2960, 3560, 3750 స్విచ్‌లు వాడేవాళ్ల కోసం ఇది. ఫోన్లకు ప్రాధాన్యం ఇద్దామని క్యూఓఎస్ (ఏ డేటా ముందు వెళ్లాలో నిర్ణయించే ఏర్పాటు) ఆన్ చేస్తారు. అప్పటి నుంచే మాట ముక్కలుగా వినిపిస్తుంది, ఫైల్ కాపీ కూడా నెమ్మదిస్తుంది.

ముందు ఇది చూడండి

అప్‌లింక్‌కు (ఈ స్విచ్‌ను మరో స్విచ్‌కు కలిపే లైనుకు) రెండు చివర్లా ‘షో ఇంటర్‌ఫేసెస్’ కొట్టి స్పీడ్, డూప్లెక్స్ (పంపడం, అందుకోవడం ఒకేసారి జరిగితే ఫుల్, ఒక్కొక్కటిగా జరిగితే హాఫ్) చూడండి. ఒకవైపు ఫుల్, మరోవైపు హాఫ్ ఉంటే హాఫ్ వైపు లేట్ కొలిజన్లు (ఆలస్యంగా బయటపడే డేటా ఢీలు), ఫుల్ వైపు సీఆర్‌సీ ఎర్రర్లు (పాడైన డేటా లెక్క) పెరుగుతుంటాయి. రెండు వైపులా ఆటో పెట్టండి, లేదా రెండు వైపులా ఒకే సెట్టింగ్ పెట్టండి. నిమిషం పట్టని ఈ పని వదిలేసి రోజుల తరబడి క్యూలు (ప్యాకెట్లు వేచి ఉండే వరుసలు) మార్చేవాళ్లను చూస్తుంటే బాధేస్తుంది. దయచేసి దాటేయకండి.

అసలు దొంగ: ట్రస్ట్

‘ఎంఎల్ఎస్ క్యూఓఎస్’ (ఈ స్విచ్‌లలో క్యూఓఎస్ ఆన్ చేసే కమాండ్) ఆఫ్‌లో ఉన్నంతకాలం ప్యాకెట్‌లోని డీఎస్‌సీపీ (ప్యాకెట్ ప్రాధాన్యం చెప్పే సంఖ్య) విలువను స్విచ్ ముట్టుకోదు. ఆన్ చేయగానే డిఫాల్ట్‌గా ఏ పోర్టునూ నమ్మదు, అంటే ట్రస్ట్ చేయదు. ఫోన్ తన వాయిస్ ప్యాకెట్‌కు 46 వేసి పంపినా, దాన్ని 0 చేసేస్తుంది. 0 ఉన్నవన్నీ రెండో క్యూలోకి పోతాయి. బఫర్ (ప్యాకెట్లు ఆగి ఉండే మెమరీ) నాలుగు క్యూలకూ తలా 25 శాతం పంచి ఉంటుంది. అంటే మాటలూ, ఫైళ్లూ, బ్యాకప్‌లూ ఆ ఒక్క క్యూలోనే ఇరుక్కుంటాయి. మిగతా క్యూలు దాదాపు ఖాళీగానే ఉంటాయి. డ్రాప్స్ (చోటు లేక ప్యాకెట్లను వదిలేయడం) రాకేం చేస్తాయి?

నిర్ధారించుకోవడానికి ఆ పోర్టు మీద ‘షో ఎంఎల్ఎస్ క్యూఓఎస్ ఇంటర్‌ఫేస్ స్టాటిస్టిక్స్’ చూడండి. ఇక్కడో మెలిక ఉంది. కాన్ఫిగరేషన్‌లో క్యూలు 1 నుంచి 4, ఈ లెక్కల్లో 0 నుంచి 3. క్యూ 1 ఎదురుగా డ్రాప్స్ కనిపిస్తే అది రెండో క్యూ. వాయిస్ క్యూ అనుకుని దాని బఫర్ పెంచితే ఒరిగేదేమీ లేదు.

ఫోన్ పోర్టుల్లో ‘ఎంఎల్ఎస్ క్యూఓఎస్ ట్రస్ట్ డీఎస్‌సీపీ’ ఇవ్వండి. అప్‌లింక్‌కు రెండు చివర్లా ఇదే ఇవ్వండి. ట్రస్ట్ పనిచేసేది పోర్టులోకి వచ్చే ప్యాకెట్ల మీదే. అందుకే ఒక చివర మర్చిపోతే ఒకవైపు మాటే తెగుతుంది, అప్పుడు అందరూ ఫోన్‌నే అనుమానిస్తారు.

తర్వాత ‘ప్రయారిటీ-క్యూ అవుట్’ (మొదటి క్యూను ముందుగా పంపమనే కమాండ్) తప్పకుండా పెట్టండి. అది లేకపోతే 46 ఉన్న ప్యాకెట్లు వెళ్లే మొదటి క్యూకు డిఫాల్ట్ షేప్ (క్యూ వేగానికి గరిష్ఠ హద్దు) విలువ 25 వర్తిస్తుంది. అది 25 శాతం కాదు, 25లో ఒక వంతు. 100 ఎంబీపీఎస్ పోర్టులో 4 ఎంబీపీఎస్ అన్నమాట.

మిగతావి

చెడిపోయిన కేబుల్, ఫోన్ ఫర్మ్‌వేర్ లాంటివి అరుదు, చివర్లో చూసుకోవచ్చు. ఇంటర్నెట్ లైనే నిండిపోతుంటే ఆ పని రౌటర్‌లో చేయాలి. 3850, 9300 వంటి తర్వాతి మోడళ్లు డిఫాల్ట్‌గానే ట్రస్ట్ చేస్తాయి, వాటిలో ఈ కమాండ్లు ఉండవు.