చెరువు గట్టు ఇంట్లో ధనుర్మాసం: రాత్రి పడుకునే ముందు చూసుకోవాల్సినవి

గుంటూరు దగ్గర ఉప్పలపాడు లాంటి చెరువు పక్క ఊళ్ళలో మంచు ఆలస్యంగా విడుతుంది. చీకట్లో హడావిడి పడకుండా ఇవన్నీ రాత్రే సరిచూసుకోండి.

☐ హీటర్ రాడ్: అన్నిటికన్నా ప్రమాదం దీంతోనే. బకెట్ ప్లాస్టిక్‌దే కావాలి, ఇనుపది వద్దు. 1500 వాట్ల రాడ్‌కి 6 యాంపియర్ల సాకెట్ చాలదు, ఎర్త్ ఉన్న 16దే వాడండి. నీళ్ళు రాడ్ మీద గీత దాకా ఉండాలి. తగ్గితే కాయిల్ కాలిపోతుంది. ముందు నీళ్ళలో రాడ్, తర్వాత స్విచ్. 20 లీటర్లు స్నానానికి కాగడానికి సుమారు 25 నిమిషాలు పడుతుంది. వేడి చూడాలంటే ప్లగ్గు పీకాకే వేలు ముంచాలి. స్విచ్ ఆపాం కదా అనుకోవద్దు: వైరింగ్‌లో ఫేజు, న్యూట్రల్ తారుమారైతే ఆపినా కరెంటు ఉంటుంది. బోరు నీళ్ళకి రాడ్ మీద తెల్లగా సుద్ద పేరుకుంటే వెనిగర్‌లో నానబెట్టి గీకండి.

☐ కుంపటి: మూసిన గదిలో వద్దే వద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తాతయ్య, నాయనమ్మలకి రెండో దుప్పటి కప్పండి.

☐ బండి: మంచులో హైబీమ్ వేస్తే వెలుతురు తిరిగి కళ్ళల్లోనే కొడుతుంది. డిమ్ లైటే వెయ్యండి. గట్టు మీద ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రక్కు దగ్గరకొచ్చేదాకా కనపడదు.

☐ రేవు మెట్లు: పాచి ఉంటుంది. పిల్లల్ని ఒంటరిగా పంపొద్దు.

☐ దోమలు: పొద్దుగూకకముందే కిటికీలు మూసెయ్యాలి.

☐ భోగి మంట: టైర్లు వెయ్యకండి. మంచులో ఆ పొగ పైకి పోదు, వీధిలోనే తిరుగుతుంది. చెట్ల మీద కొంగలూ ఉన్నాయి మరి.